చీపురు వంతు

మా బడి గురించి ఎవరైనా అడిగితే నేను ముందు చీపురు గురించే చెప్పేదాన్ని. పరీక్షలు లేవని, బెత్తం లేదని, పిల్లలూ పెద్దలూ ఒకే చాప మీద కూర్చుంటారని ఆ తరవాత చెప్పేదాన్ని. "మా బడిలో ఊడ్చే మనిషంటూ లేదండీ. బ్యాంకు మేనేజరు గారబ్బాయైనా సరే, వంతు వచ్చిన రోజు చీపురు పట్టాల్సిందే" అని, ఆ ఆలోచన నాకే పుట్టినట్టు చెప్పుకునేదాన్ని. వినేవాళ్ళు "అబ్బో" అనేవాళ్ళు. నేను పొంగిపోయేదాన్ని. ఆ అబ్బాయి చీపురు పట్టుకుని నవ్వుతున్న ఫోటో ఒకటి నా ఫోనులో ఉండేది. దాన్ని తీసిందీ నేనే, చుట్టాలకీ స్నేహితులకీ తెగ పంపిందీ నేనే. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

మా ఆయనది బ్యాంకు ఉద్యోగం. మూడేళ్ళకో ఊరు. కలకత్తా బదిలీ అయినప్పుడు మా అమ్మాయికి పదేళ్ళు. ఆలీపూర్‌లో బ్యాంకు వాళ్ళ ఫ్లాటు, గేటు దగ్గర వాచ్‌మన్, పొద్దున్నే వచ్చి ఇల్లు ఊడ్చి అంట్లు తోమి వెళ్ళే పనిమనిషి. పగలంతా నాకేమీ తోచేది కాదు. ఆ ఏడు తెలుగువాళ్ళ ఉగాది సభలో ఒక పెద్దాయన పరిచయమయ్యారు. కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి, ముప్పై ఏళ్ళుగా ఇక్కడే ఉంటున్నారు. అందరూ మాస్టారనే పిలిచేవాళ్ళు. పచ్చడి గ్లాసు చేతిలో పట్టుకుని, దాన్ని తాగడం మర్చిపోయి, నాకు గంటసేపు ఒకటే సంగతి చెప్పారు. పిల్లలే నడుపుకునే బడి. పిల్లకీ పంతులికీ ఒకే ఓటు. ఖిదిర్‌పూర్‌లో మేడ మీద రెండు గదులు చూసిపెట్టానని, మీరు వస్తానంటే మొదలుపెడదామని అన్నారు. నేను వెళ్ళాను. అంతకంటే మంచి పని నాకు జీవితంలో ఎవరూ ఇవ్వలేదు. ఈ మాట ఇప్పటికీ నిజమే.

కింద ఓడల గొలుసులు, ఇనుప సామాన్లు అమ్మే దుకాణం. ఓడరేవు డాకుల వైపు వెళ్ళే లారీ ఒకటి పోయిందంటే మా కిటికీ రెక్కలు గజగజలాడేవి. వానాకాలంలో సందంతా మోకాటి లోతు నీళ్ళు. దుకాణం వాళ్ళు వేసిన చెక్క మీద నుంచి ఒకరి చెయ్యి ఒకరం పట్టుకుని మెట్లెక్కేవాళ్ళం. పిల్లలు మొత్తం ఇరవై ఒక్కమంది. సగం మంది పక్క వీధి కార్పొరేషన్ క్వార్టర్స్ వాళ్ళు. వాళ్ళ తాతల కాలంలో శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చి, ఈ ఊరి వీధులు ఊడుస్తూ, కాలవలు తీస్తూ స్థిరపడిన కుటుంబాలు. ఇంట్లో తెలుగు, వీధిలో బెంగాలీ, కొట్లాటకి హిందీ. తెలుగు అక్షరం మాత్రం రాదు. మిగతా సగం మంది మా అమ్మాయిలాంటి వాళ్ళు. అమ్మానాన్నలు ఆఫీసర్లో, ప్రొఫెసర్లో. ఈ బడి గురించి విని ముచ్చటపడి చేర్పించినవాళ్ళు. పిల్లలందరూ నన్ను బెంగాలీ పద్ధతిలో దిదిమణి, అంటే టీచరమ్మ, అనేవాళ్ళు. క్వార్టర్స్ నుంచే ఒకావిడ వచ్చి మధ్యాహ్నం కిచిడీ వండేది. ఆవిడకీ ఒక ఓటు.

ఓటంటే చింతపిక్క. మా వంటింట్లోంచి నేనే తీసుకెళ్ళి ఇచ్చాను, కడిగి ఆరబెట్టి ఒక గిన్నెలో పోసి. శుక్రవారం మధ్యాహ్నం సభ. టీ తాగి పారేసే మట్టి కప్పులు రెండు నల్లబల్ల చాటున పెట్టేవాళ్ళం. ఒకదానికి పసుపు బొట్టు, అది అవునని. ఒకదానికి బొగ్గు గీత, అది కాదని. ఒక్కొక్కరే నల్లబల్ల వెనక్కి వెళ్ళి పిక్క వేసి రావాలి. లెక్క సరిసమానంగా వస్తే, అడిగినవాళ్ళదే గెలుపు. ఈ రూళ్ళన్నీ పిల్లలే పెట్టుకున్నారు, పెద్ద అట్ట మీద రాసి గోడకి తగిలించారు. చీపురు వంతు రూలు అందులో నాలుగోది. వంతు చెయ్యనివాళ్ళు, చేసేదాకా బడిలో సభ్యులు కారు.

అట్ట మీద లేని రూలు ఒకటుంది. అది మాస్టారు పెట్టింది. పిల్లల తగవుల్లో పెద్దవాళ్ళం పిక్క వెయ్యకూడదు. "మన చెయ్యి ఎటు కదిలితే వాళ్ళ చేతులూ అటే పోతాయమ్మా. మనం ఉన్నట్టే ఉండి లేనట్టుండాలి" అనేవారు. నాకు ఎంత నచ్చిందో ఆ మాట! అలాంటి సభల్లో నా పిక్క కొంగున ముడేసుకుని కూర్చునేదాన్ని. వంటావిడకీ అదే చెప్పాం.

నాకూ వంతు ఉండేది, మంగళవారం. మొదటిసారి నేను చీపురు పట్టినప్పుడు క్వార్టర్స్ పిల్లలు పడీపడీ నవ్వారు. "అలగ కాదండి దిదిమణీ, దుమ్ము మీకేసే ఎల్తంది. నడుం వంచండి" అని నేర్పించారు. మా అమ్మాయికైతే ఊడవడం ఒక ఆట. ఇంట్లో ఎప్పుడూ చెయ్యని పని కదా. వంతు రోజున ముందుగానే తయారై కూర్చునేది.

నేను చెప్పబోయే పిల్ల మా అమ్మాయి ఈడుదే, పదకొండేళ్ళు. క్వార్టర్స్ పిల్ల. తండ్రి లేడు. తల్లి తెల్లారకముందే లేచి పెద్ద రోడ్డు ఊడ్చే పనికి వెళ్ళేది. బడిలో అందరికంటే ముందు వచ్చేది ఆ పిల్లే. కిటికీలు తీసి, చాపలు దులిపి పరిచి, కుండలో నీళ్ళు నింపి, అప్పుడు మెట్ల మీద కూర్చుని మాకోసం చూసేది. మూడు నెలల్లో తెలుగు చదవడం పట్టేసింది. గోడ మీద అట్టని మొదట పూర్తిగా చదివి వినిపించింది తనే. చదవడమయ్యాక వేలితో అక్షరాల మీద మెల్లగా రుద్దింది, అవి ఊడిపోతాయేమో చూస్తున్నట్టు. సభ నడపడంలో మాస్టారు కూడా తన ముందు దిగదుడుపే. ఇద్దరు ఒకేసారి మాట్లాడితే చాలు, "ఒకరెనక ఒకరు! సేపల బజారేటి ఇది?" అని కసిరేది. మేనేజరు గారబ్బాయి కూడా చేతులు కట్టుకుని కూర్చునేవాడు. మాస్టారు నన్ను పక్కకి పిలిచి, "ఈ పిల్ల ఒక్కత్తి చాలమ్మా, మన బడి ఎందుకు పెట్టామో చెప్పడానికి" అన్నారు ఒకసారి. ఆయన కళ్ళు చెమర్చడం నేను చూశాను.

ఆ పిల్ల చీపురు ముట్టదన్న సంగతి నాలుగైదు నెలల దాకా మాకెవరికీ తెలియలేదు. తన వంతు రోజున మా అమ్మాయి ఊడ్చేది, దానికి బదులు మా అమ్మాయి వంతు నీళ్ళు ఆ పిల్ల మోసేది. ఇద్దరూ ప్రాణస్నేహితులు. వాళ్ళలో వాళ్ళు చేసుకున్న ఏర్పాటు అది. శ్రావణంలో మా అమ్మాయికి జ్వరం వచ్చి వారం రోజులు బడికి రాలేదు. ఆ వారంలో ఆ పిల్ల వంతు వచ్చింది. గది అలాగే ఉండిపోయింది. కిచిడీ మెతుకులకి చీమలు పట్టాయి. పిల్లలు పట్టిక తీసి చూశారు, అడిగారు, పాత సంగతంతా బయటపడింది.

జ్వరం తగ్గి వచ్చిన మా అమ్మాయిని అందరూ చుట్టుముట్టారు. నువ్వు కూడా దొంగవేనన్నారు. అది ఏడ్చుకుంటూ ఇంటికొచ్చింది. నేనేం చెయ్యాలి? పిల్లని దగ్గర కూర్చోబెట్టుకుని, ఎందుకు మార్చుకున్నావని, ఆ పిల్ల ఎందుకు ముట్టదని అడగాలి. నేను అది చెయ్యలేదు. "మనకి సభ ఉంది కదా, అక్కడ పెట్టు" అన్నాను. అది కాగితం మీద రాసింది. తను ఒక్కసారి కూడా ఊడవలేదు, మేమంతా ఊడుస్తున్నాం, ఇది సమానం కాదు, అని. ఎంత చక్కగా ఆలోచిస్తోందో నా కూతురు అని మురిసిపోయాను.

ఆ శుక్రవారం సభ నడిపే వంతు ఆ పిల్లదే. మాస్టారు మెల్లగా, "నీ విషయమే కదమ్మా, ఇవాళ్టికి ఇంకొకరు నడుపుతారులే" అన్నారు.

"ఒద్దండి. నా వారమే గదా. నానే నడుపుతాను" అంది.

మా అమ్మాయి లేచి కాగితం చదివింది. చదువుతున్నంతసేపూ స్నేహితురాలి వైపు తలెత్తి చూడలేదు. ఆరోపణ నిజమేనా అని సభ నడిపేవాళ్ళు అడగాలి. ఆ పిల్ల తనని తనే ఎలా అడుగుతుంది? లేచి నిలబడింది.

"నిజమేనండి. నాను తుడవను. నాకింకే పనైనా ఇయ్యండి. నీళ్ళన్నీ నానే మోస్తాను. గిన్నెలు తోముతాను. దొడ్డి కడగమన్నా కడుగుతాను. సీపురు మాత్రం ముట్టను. నా ఒక్కదానికీ మినహాయింపు ఇమ్మని అడుగుతున్నాను."

"ఎందుకు?" అన్నాడు మేనేజరు గారబ్బాయి. వాడి గొంతులో వెటకారమేమీ లేదు, నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు.

"సెప్పను."

"చెప్పకపోతే ఎలా ఇస్తాం?"

వెనకనుంచి క్వార్టర్స్ పిల్ల ఒకతి గయ్యిమని లేచింది. "మాం తుడవట్లేదేటి? మీ అమ్మా మా అమ్మా ఒకే రోడ్డు తుడుస్తారు. నీకేటి, నెత్తి మీద కిరీటముందా?"

నేను ఇప్పటికీ దీన్ని ఆఫీసర్ల పిల్లలూ, ఊడ్చేవాళ్ళ పిల్లలూ అని రెండుగా కోసి చెప్పలేను. అలా చెప్పగలిగితే నాకు కాస్త సుఖంగా ఉండేది. తనవాళ్ళే తనమీద ఎక్కువ మండిపడ్డారు. ఆ గోలలో ఆ పిల్ల ఒకసారి నా వైపు చూసింది. నేనేదైనా అంటానని చూసిందో, ఊరికే చూసిందో తెలియదు. నేను ముఖం గంభీరంగా పెట్టుకుని కిటికీలోంచి బయటికి చూశాను. అలా ఉండడమే న్యాయమని నమ్మాను. నా పిక్క కొంగు ముడిలో ఉంది.

ఒక్కొక్కరే నల్లబల్ల వెనక్కి వెళ్ళి వచ్చారు. ఆ పిల్ల కూడా వెళ్ళి వేసి వచ్చింది. తరవాత కప్పులు రెండూ తెచ్చి చాప మీద బోర్లించి లెక్కపెట్టింది. వేలితో రెండు రెండు పిక్కలు జరుపుతూ, పైకి వినబడేలా. పసుపు కప్పులో పది. బొగ్గు కప్పులో పదకొండు. ఒకసారి ఆగింది. మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టింది.

"పదీ, పదకొండు. మినహాయింపు లేదు" అని చెప్పింది. సభ ముగిసిందనీ తనే చెప్పింది. పిక్కలన్నీ ఏరి గిన్నెలో పోసి గిన్నె గూట్లో పెట్టింది. తన సంచీ తీసుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని మెట్లు దిగి వెళ్ళిపోయింది. వంతు చేస్తే సోమవారం రావచ్చు కదా, వస్తుందిలే అనుకున్నాం.

వంటావిడ గుమ్మంలో నిలబడి ఉంది. పిడికిలి విప్పి నాకు చూపించింది. అరచేతిలో చింతపిక్క. "ఎయ్యొద్దన్నారు గదా మీరు. లేపోతే నాను ఏసీదాన్ని" అంది. లోపలికి వెళ్ళి గిన్నెలు దబదబా పడేసింది.

ఒక్క పిక్క చాలు. పదకొండూ పదకొండూ అయ్యేది, అడిగినవాళ్ళదే గెలుపు. ముగ్గురు పెద్దవాళ్ళం మూడు పిక్కలు గుప్పిట్లో పెట్టుకుని కూర్చున్నాం. ఆటోలో ఇంటికి వస్తుంటే మా అమ్మాయి అడిగింది, "నువ్వు ఎందులో వేశావమ్మా?"

"నేను వెయ్యలేదు. పెద్దవాళ్ళం వెయ్యకూడదు."

అది నా ముఖంలోకి చాలాసేపు చూసింది. "నేను దానికే వేశాను. ఫిర్యాదు రాశాను గానీ పసుపు కప్పులోనే వేశాను. నువ్వు కూడా వేస్తావుగా అనుకున్నాను." అని ఆటో బయటికి తిరిగి కూర్చుంది. ఇంటికొచ్చాక కొంగు ముడి విప్పితే పిక్క చెమటకి తడిసి ఉంది.

సోమవారం ఆ పిల్ల రాలేదు. మంగళవారమూ రాలేదు. కిటికీలు తీసినవాళ్ళు లేక గది ఉక్కగా ఉండేది. బుధవారం సాయంత్రం నేను క్వార్టర్స్‌కి వెళ్ళాను. ఒకటే గది, తలుపుకి చీర తెర. తల్లి బయట మెట్టు మీద కూర్చుని కాళ్ళకి నూనె రాసుకుంటోంది. నన్ను చూసి లేవబోయింది, వద్దన్నాను. పిల్ల తెర వెనక ఉన్నట్టుంది, బయటికి రాలేదు.

"ఎందుకు ముట్టదో మాకు చెప్పలేదమ్మా" అన్నాను.

ఆవిడ మెల్లగా చెప్పింది. "అది సిన్నప్పుడు ఇంటికాడ ఎవులూ లేక, పొద్దున నాతో కూడా తీసుకెల్లీదాన్ని. ఓ రోజు రోడ్డు మీద ఎవుడో పెద్దమనిసి దాన్ని సూసి నవ్వేసి, పక్కనున్న సీపురు దాని సేతిలో ఎట్టేడు. ఇప్పుట్నుంచే నేర్సుకో, నీదీ ఇదే గదా అని. దాన్ని ఎత్తుకుని ఇంటికొచ్చీసేను. ఆ రోజే నా సేతిలో సెయ్యేయించి ఒట్టేయించేను. నువ్వు జన్మలో సీపురు ముట్టొద్దు, ముడితే నా మీదొట్టని. ఇంట్లో కూడా నానే తుడుస్తాను. దాన్ని ముట్టనియ్యను."

"ఆ సంగతి మాకు చెప్పి ఉండాల్సింది" అన్నాను.

"సెప్తే ఏటి సేద్దురమ్మా? దానికీ ఓట్లెట్టీదురు."

ఆవిడ కోపంగా అనలేదు. ఉన్న మాట అన్నట్టు అంది. నేను ఏదో మొదలుపెట్టాను. మా బడిలో ఆ పనికి ఆ అర్థం లేదని, అందరూ చేస్తే అందులో చిన్నతనం పోతుందని, అందుకే ఆ రూలు పెట్టుకున్నామని. తెర వెనకనుంచి ఆ పిల్ల గొంతు వినబడింది.

"దిదిమణీ, మీ ఇంటికాడ ఎవులు తుడుస్తారండి?"

"పనిమనిషి వస్తుంది" అన్నాను.

"మరి మీ పాపకి అక్కడ వంతు లేదా?"

సిగ్గుతో చచ్చిపోయాను, అంతే. అరిచి ఉంటే, తిట్టి ఉంటే ఏదో ఒకటి అనగలిగేదాన్ని. ఆ పిల్ల సభలో అడిగినట్టే అడిగింది. వాళ్ళమ్మ నన్ను సందు చివరిదాకా సాగనంపింది, రోడ్డు మీద నీళ్ళున్నాయి చూసుకుని వెళ్ళమంది.

మాస్టారి దగ్గరికి పోయి జరిగిందంతా చెప్పాను. ఆయన తల పట్టుకున్నారు. అయినా, "పిల్లల నిర్ణయం మనం తిప్పేస్తే ఇక ఆ సభ ఎందుకమ్మా? మీరే ప్రతిపాదన పెట్టండి" అన్నారు. పెట్టాను. ఆ పిల్ల రహస్యం నలుగురిలో చెప్పలేను కాబట్టి, ఊరికే ఆ రూలు తీసేద్దామన్నాను. వాళ్ళకి అర్థం కాలేదు. ఒకసారి ఓటేశాం కదా దిదిమణీ అన్నారు. ఓడిపోయాను. మా అమ్మాయి ఆ రోజు నుంచి ఊడవడం ఆటగా చెయ్యలేదు. పెదవులు బిగబట్టి చేసేది.

తరవాత దుర్గాపూజల సెలవులొచ్చాయి, పోయాయి. చలి మొదలయ్యేసరికి ఆఫీసర్ల ఇళ్ళనుంచి సణుగుళ్ళు వచ్చాయి. దుమ్ముకి దగ్గొస్తోందని, చదువు తక్కువ చాకిరీ ఎక్కువ అని. పిల్లలకి కూడా మోజు తీరిపోయింది. ఒక శుక్రవారం మేనేజరు గారబ్బాయి ప్రతిపాదించాడు, వంతులు తీసేసి ఊడవడానికి ఒక మనిషిని పెట్టుకుందామని. ఇది పిల్లల తగవు కాదు కాబట్టి ఈసారి పెద్దవాళ్ళం కూడా వెయ్యవచ్చునన్నారు మాస్టారు. బొగ్గు కప్పులో నాలుగే పడ్డాయి. పనిలో పనిగా, వచ్చే మనిషి బదులు ఎవరినీ పంపకుండా రెండు రోజులు మానేస్తే వేరే మనిషిని చూడాలని కూడా తీర్మానించారు. నేను రెండుసార్లూ పసుపు కప్పులోనే వేశాను. ఆ రూలు పోతే చాలు, ఆ పిల్ల వచ్చేస్తుందన్న ఒకే ఒక ఆలోచనతో వేశాను. దాని ఒక్కదానికీ ఇవ్వనిదాన్ని మేమందరం తీసుకున్నామన్న సంగతి నాకప్పుడు తట్టలేదు.

ఆ సాయంత్రమే పరుగెత్తాను క్వార్టర్స్‌కి. "ఇక వంతుల్లేవమ్మా. ఊడవడానికి మనిషిని పెట్టుకుంటున్నాం. సోమవారం నుంచి పంపించు" అన్నాను, ఆయాసపడుతూ.

పిల్ల ఇంట్లో లేదు. హిందీ బడిలో వేశానంది తల్లి. "పాఠం దానికి అర్థం అవదంట. ఎనకాల కూకుంటాదంట. అక్కడైతే ఎవులూ ఏటీ అడగరు, అదే బాగున్నాది అంటాది. మీ కాడికి రానంది." చేతులు కొంగుకి తుడుచుకుంటూ అడిగింది. "తుడవడానికి మనిసి గావాలంటన్నారు గదా. మజ్జాన్నం నాకు కాళీయే. నాను రానా?"

కాదనడానికి నాకేం మొహం ఉంది? ఆవిడ సోమవారం నుంచే వచ్చింది. మేము భోజనాలు చేసి లేచాక గది ఊడ్చేది. నేను ఏదో పుస్తకంలో తలదూర్చేదాన్ని. పనిచేసేవాళ్ళందరికీ ఓటని రూలుంది కదా, శుక్రవారం ఆవిడకీ ఒక పిక్క ఇచ్చేవాళ్ళం. ఎందుకు, ఏమిటి అని అడిగేది కాదు. ఏ కప్పు దగ్గరగా ఉంటే దాంట్లో వేసి, మూలన కూర్చునేది సభ అయ్యేదాకా. ఒకసారి మాస్టారు విషయమంతా విడమరిచి చెప్పబోతే, "మీరెలగంటే అలగేనండి" అంది. ఆయన మరి చెప్పలేదు. ఆయనకీ ఆ ఏడాది బాగా వయసు మీదపడింది.

పిల్ల కబురు అడిగితే బాగానే ఉందనేది. వేసవి తరవాత హిందీ బడి కూడా మానేసిందని వంటావిడ చెప్పింది. నేను మూడుసార్లు వెళ్ళాను. మూడుసార్లూ పిల్ల పక్కింట్లోకి వెళ్ళిపోయింది.

మళ్ళీ చలికాలం వచ్చింది. ఒక శుక్రవారం, పిక్నిక్ ఎక్కడికి వెళ్ళాలని సభలో తగవు పడుతున్నారు. బొటానికల్ గార్డెన్‌కా, డైమండ్ హార్బర్‌కా అని. ముందురోజు ఊడ్చే మనిషి రాలేదు, గది దుమ్ముగానే ఉంది. గిన్నెలోంచి పిక్కలు పంచే వంతు మా అమ్మాయిది. అందరూ గట్టిగా అరుస్తున్నారు. ఉన్నట్టుండి గుమ్మం వైపు కూర్చున్నవాళ్ళు ఆగిపోయారు.

ఆ పిల్ల నిలబడి ఉంది. పొడుగెదిగింది. తల్లి పాత చీర కొంగు తలకి కట్టుకుంది. చేతిలో చీపురు.

నేను లేచి వెళ్ళాను. ఏం చేస్తున్నానో తెలియకుండానే చీపురు పట్టుకుని లాగాను. తను వదల్లేదు.

"అమ్మకి జొరమండి, లెగనేకపోతంది. రెండో రోజు కూడా రాపోతే ఇంకో మనిసిని సూసుకుంటారంట గదా" అంది.

"మరి ఒట్టో?" అన్నాను.

"అమ్మే తీసి గట్టుమీదెట్టీసింది. ఒదలండి, నాకు ఆలిస్యం అవుతంది."

వదిలేశాను. మా అమ్మాయి గిన్నె పట్టుకుని లేచి వచ్చింది. ఒక పిక్క తీసి స్నేహితురాలి ముందుకి చాపింది. "పనిచేసేవాళ్ళకి కూడా ఒకటి. ఇది నీది" అంది.

ఆ పిల్ల పిక్కని చూసింది. గోడ మీద అట్టని చూసింది, నాలుగో రూలు మీద అడ్డంగా గీత కొట్టి ఉంది.

"ఇదేటి సేసుకోను? లెగండి, తుడవాల" అంది.

మేమందరం లేచాం. చాపలు చుట్టుకుని గోడవారగా నిలబడ్డాం, పిల్లలూ, మాస్టారూ, నేనూ. ఆ పిల్ల చీపురు కట్టని ఒకసారి అరచేతిలో తట్టి సరిచేసుకుని, నడుం వంచి, మూలలోంచి మొదలుపెట్టింది. ఎవరూ నేర్పలేదు, జీవితంలో అదే మొదటిసారి. చాలా బాగా ఊడ్చింది.